అమ్మమ్మకు చేరిన ఆంగ్ల లేఖ

పరదేశ నివాసంలో ఉన్నవారు స్వస్థలానికి రాసే లేఖలను పరిశీలించిన పాఠకులకు ఒక సంగతి విదితమే. వాటిలో ఇంటి క్షేమ సమాచారాలు, విహార విశేషాలు పక్కపక్కనే ఉంటాయి. ఒక వాక్యంలో పసిబిడ్డకు జ్వరం తగ్గిందని ఉంటుంది. ఆ వెంటనే సముద్రతీరంలో నాలుగు రోజులుగా ఎండ బాగా కాస్తున్నదని ఉంటుంది. రాసేవాని జీవితంలో ఈ రెండూ కలిసి ఉన్నాయి గనుక కాగితం మీద కూడా కలిసే ఉంటాయి. అయితే 19వ శతాబ్దంలో ఇంగ్లండులో జీవించిన ఒక హైదరాబాదు స్త్రీ విషయంలో ఇవి రెండుగా చీలిపోయాయి. ఆమె యౌవనకాలపు వేసవి విహారాలను ఒక ప్రఖ్యాత ఆంగ్ల రచయిత తన జ్ఞాపకాలలో రాశాడు. తన కుటుంబ విశేషాలను ఆమె చాలా ఏళ్ల తర్వాత హైదరాబాదులోని తన అమ్మమ్మకు స్వయంగా రాసుకుంది. మొదటిది ఆంగ్ల సాహిత్య చరిత్రలో చోటు సంపాదించింది. రెండవది ఒక ప్రేమకథకు అనుబంధంగా మిగిలిపోయింది. సాహిత్య విలువను బట్టి చూస్తే ఈ క్రమం తలకిందులుగా ఉన్నది.

ఆమెను ఇంగ్లండులో కిటీ కిర్క్‌పాట్రిక్ అన్నారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు నూరున్నిసా, ముద్దుపేరు సాహెబ్ బేగం. తండ్రి జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ నిజాం అలీ ఖాన్ దర్బారులో బ్రిటిష్ రెసిడెంటు. తల్లి ఖైరున్నిసా హైదరాబాదులోని ఒక సయ్యద్ కుటుంబపు ఆడపడుచు. జేమ్స్ ఇస్లాం స్వీకరించి ఆమెను నికాహ్ చేసుకున్నాడు. వారికి 1801లో కుమారుడు మీర్ గులాం అలీ, 1802లో ఈ కుమార్తె కలిగారు. కుర్రవాడిని ఇంట్లో సాహెబ్ ఆలం అనేవారు. 1805 సెప్టెంబరులో పిల్లలిద్దరినీ మద్రాసు రేవులో ఓడ ఎక్కించి ఇంగ్లండుకు పంపించారు. అక్కడే పెరగాలని, చదవాలని తండ్రి కోరిక. ఆ తండ్రి అదే ఏడాది అక్టోబరు 15న కలకత్తాలో మరణించాడు. 1806 మార్చిలో లండను చర్చిలో పిల్లలకు బాప్తిస్మం ఇచ్చి విలియం జార్జ్, కాథరీన్ అరోరా అని పేర్లు మార్చారు. తల్లి ఖైరున్నిసా 1813లో హైదరాబాదులో కన్నుమూసింది. ఓడ ఎక్కిన నాటి నుంచి ఆమె తన బిడ్డలను చూడలేదు.

ఇంత చెప్పవలసి రావడానికి కారణం ఉంది. 1824 నాటి విహారాలను గురించి చదివేటప్పుడు ఈ నేపథ్యం పాఠకుని మనసులో ఉండకపోతే, ఆ పుటలు ఎంతో హాయిగా సాగిపోతాయి. రాసినవాడు థామస్ కార్లైల్. అప్పటికి అతడు పేరు లేని స్కాట్లండు యువకుడు, బుల్లర్ అనే సంపన్న కుటుంబంలో పిల్లలకు చదువు చెబుతున్నాడు. ఆ ఇంటి ఇల్లాలు, ఆమె సోదరి శ్రీమతి స్ట్రేచీ, ఇద్దరూ కిటీ పెదనాన్న విలియం కిర్క్‌పాట్రిక్ కుమార్తెలు. (ఆంగ్లంలో వీరందరూ కేవలం ‘కజిన్లు’. మన లెక్కలో అక్కలు.) మతబోధకుడు ఎడ్వర్డ్ ఇర్వింగ్ ఇంట కార్లైల్ ఆమెను మొదట చూశాడు. ఆ ఏడు శరత్కాలంలో ఇర్వింగ్ కుటుంబం, స్ట్రేచీలు, కిటీ, కార్లైల్ డోవర్ సముద్రతీరంలో కొన్ని వారాలు గడిపారు. అక్టోబరులో ఎడ్వర్డ్ స్ట్రేచీ, కిటీ, కార్లైల్ కాలువ దాటి పారిసు చూసి వచ్చారు. నలభై ఏళ్లు దాటిన తర్వాత, భార్య పోయిన దుఃఖంలో కార్లైల్ ఈ జ్ఞాపకాలను రాసుకున్నాడు. 1881లో అవి ‘రెమినిసెన్సెస్’ పేర అచ్చయ్యాయి.

వృద్ధుడైన కార్లైల్ వాక్యాలలో డోవర్ గాలి ఇంకా వీస్తూనే ఉంటుంది. మహావక్త ఇర్వింగ్ పసిబిడ్డను చేతుల్లో మోస్తూ దాసీ పని చేయడం వంటి చిన్న చిన్న దృశ్యాలలో అతని హాస్యం తళుక్కుమంటుంది. ఆ పుటల రుచిని కాదనడం న్యాయం కాదు. కాని కిటీ వంతు వచ్చేసరికి కలం తీరు మారుతుంది. ఆమె కళ్ల రంగు, ఒంటి ఛాయ, కంచు వన్నె జుట్టు, మృదువైన నవ్వు, అందులోని విదేశీ శోభ ఇవన్నీ వస్తాయి. ఆమెను సగం బేగముగా, ప్రాచ్యపు పోలికలు గల ఆంగ్ల వనితకు ఒక చక్కని మచ్చుతునకగా అతడు లెక్క తేలుస్తాడు. మచ్చుతునక అనేది బజారులో బట్టల దుకాణం వాడు చూపించేది. మిగతావారందరికీ ఆ పుటలలో మాటలున్నాయి, చాదస్తాలున్నాయి, కోపతాపాలున్నాయి. కిటీకి మాత్రం రూపమే ఉంది. ఆమె సముద్రం వైపు చూస్తూ నిలబడి ఉంటే ఏమి తలచుకుంటున్నదో అనే ప్రశ్న అతనికి తోచినట్లు లేదు. ఆ సముద్రమే పందొమ్మిదేళ్ల క్రితం ఆమెను ఒడ్డుకు చేర్చింది.

మరొక సంగతి ఇంకా గమనార్హం. కార్లైల్ ఆ ప్రయాణాలలో తన తల్లికి క్రమం తప్పకుండా ఉత్తరాలు రాసేవాడు. ఆ తల్లి మార్గరెట్ పల్లెటూరి స్త్రీ. ఆమెకు చదవడం వచ్చు, రాయడం రాదు. కొడుకుకు జవాబు రాయడం కోసమే పెద్ద వయసులో ఆమె అక్షరాలు దిద్దుకున్నది. ఇంతటి తల్లిని ఎరిగినవాడు, పారిసు బండిలో ఎదురుగా కూర్చున్న ఇరవై రెండేళ్ల యువతి ఏ తల్లికీ ఉత్తరం రాయడం లేదని గమనించలేదా? గమనించినా అది వ్రాయదగిన విషయంగా తోచలేదా? ఆ పుటలలో దీనికి సమాధానం లేదు. విహార రచనలో ఉండే లోపం ఇదే. అది తోటి ప్రయాణికులను ప్రకృతి దృశ్యంలో భాగంగా చూడడం అలవాటు చేసుకుంటుంది.

కార్లైల్ ‘సార్టర్ రిసార్టస్’ గ్రంథంలోని బ్లూమినె అనే పాత్రకు కిటీయే ఆధారమని స్ట్రేచీ కుటుంబీకులు తర్వాత వాదించారు. ఇతరులు కాదన్నారు. ఈ వాదం మీద ఖర్చయిన సిరాలో పదో వంతు కూడా కిటీ స్వయంగా రాసిన వాక్యాల మీద ఖర్చు కాలేదు.

ఇక్కడ ముస్లిం పాఠకుడికి ఒక ఇబ్బంది ఎదురవుతుంది. దానిని దాటవేయడం మంచిది కాదు. 1840 మే నెలలో లండనులో ఇచ్చిన ఉపన్యాసంలో మహాప్రవక్త ముహమ్మద్ (స) వారి నిజాయితీని నిలబెట్టి మాట్లాడినవాడు ఇదే కార్లైల్. అప్పటి వరకు యూరపు గ్రంథాలలో పేరుకుపోయిన అపవాదులను అతడు తోసిపుచ్చాడు. 1841లో అది పుస్తకంగా వచ్చింది. నాటి నుంచి నేటి వరకు మన వక్తలు, రచయితలు అతని పేరు కృతజ్ఞతతో తలుస్తూనే ఉన్నారు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ లండనులో ఉన్నప్పుడు వెళ్లి అతనిని కలుసుకున్నారు కూడా. ఈ కృతజ్ఞత సముచితమే. అయితే పన్నెండు వందల ఏళ్ల నాటి మహాపురుషుని గౌరవించగలిగిన కన్ను, ఎదుట కూర్చున్న సయ్యద్ ఇంటి బిడ్డను వింత వస్తువుగా చూసింది. దూరంలో ఉన్న ప్రాచ్యాన్ని ఆదరించడం ఆ తరం మేధావులకు తేలిక. తమతో కలిసి భోజనానికి కూర్చున్న ప్రాచ్యం వారికి కష్టమైంది. కార్లైల్‌ను ఉదహరించే మన వ్యాసాలలో ఈ రెండవ పుట కూడా ఉండాలి.

సర్ సయ్యద్ ప్రస్తావన వచ్చింది గనుక ఆయన లేఖల మాట కూడా అనుకోవాలి. 1869 ఏప్రిల్‌లో బొంబాయిలో ఓడ ఎక్కి, కుమారులు సయ్యద్ హామిద్, సయ్యద్ మహమూద్‌లతో మే నెలలో లండను చేరి, 1870 సెప్టెంబరు దాకా ఆయన అక్కడ ఉన్నారు. ఆయన లేఖలు అలీగఢ్ పత్రికలో అచ్చయ్యేవి. వేలాడే వంతెన చూడడానికి క్లిఫ్టన్ వెళ్లిన ముచ్చట ఉంది. అద్దె ఇంటి పనిమనిషి అర పెన్నీ పెట్టి వార్తాపత్రిక కొనుక్కుని చదవడం చూసి ఆశ్చర్యపడ్డ సంగతీ ఉంది. ఆ పనిమనిషికి ఆయన లేఖలో పేరు, అలవాటు, అభిరుచి అన్నీ ఉన్నాయి. ఇది చిన్న విషయం కాదు. అయితే ఆ లేఖలు దేశవాసులకు పాఠం చెప్పడానికి రాసినవి. 1869 అక్టోబరు నాటి లేఖలో స్వదేశీయులను ఆంగ్లేయులతో పోల్చి చిన్నబుచ్చినందుకు ఇక్కడ పెద్ద దుమారమే లేచింది. మొహసినుల్ ముల్క్‌కు రాసిన సొంత ఉత్తరాలలో మాత్రం మరో మనిషి కనిపిస్తాడు. విలియం మ్యూర్ పుస్తకానికి జవాబు రాయాలన్న తపన, అచ్చు ఖర్చుకు డబ్బు చాలని దిగులు వాటి నిండా ఉన్నాయి. ఆ మొహసినుల్ ముల్క్ తర్వాత నిజాం కొలువుకు వచ్చి హైదరాబాదులోనే చిరకాలం ఉన్నారు. సర్ సయ్యద్‌కు చదివేవారు ఉన్నారు, తన భాష ఉన్నది, తిరిగి వెళ్లే తేదీ ఉన్నది. కిటీకి ఈ మూడూ లేవు.

1841లో ఆమెకు ఒక దారి దొరికింది. అప్పటికి పెళ్లయి పన్నెండేళ్లు. భర్త జేమ్స్ ఫిలిప్స్ అశ్విక దళంలో కెప్టెనుగా పనిచేసినవాడు. అన్న విలియం 1828లోనే పోయాడు. హైదరాబాదు రెసిడెన్సీలో ఉన్న డంకన్ మాల్కం అనే అధికారి పరిచయం వల్ల, అమ్మమ్మ షరఫున్నిసా బతికే ఉన్నదని, తనను తలచుకుంటున్నదని కిటీకి తెలిసింది. అప్పుడు రాసిన లేఖ ఈ చర్చకు కేంద్రం.

ఆ లేఖలో క్షేమ సమాచారాలు ఉన్నాయి. భర్త, పిల్లలు, పోయిన అన్న, ఇవన్నీ ఉన్నాయి. ఆ తర్వాత ఆమె తనకు గుర్తున్నవి చెబుతుంది. వరండా గుర్తున్నది. దర్జీలు కూర్చుని కుట్టే చోటు గుర్తున్నది. మేడ మీద తల్లి తనను కూర్చోబెట్టి జారనిచ్చే చోటు గుర్తున్నది. మూడేళ్ల పిల్ల కంటి ఎత్తున ఏమేమి కనిపిస్తాయో అవే ఉన్నాయి. రెసిడెంటు కుమార్తె గనుక ఏనుగులు, దర్బారు, నగలు వస్తాయని ఎదురు చూసే పాఠకుడికి దర్జీలు దొరుకుతారు. ఈ జ్ఞాపకం ఎవరో చెప్పగా విన్నది కాదని నమ్మించేది ఆ దర్జీలే. విడిపోయిన నాడు తల్లి కూర్చున్న చోటు, ఆమె ఏడుపు, జుట్టు పీక్కోవడం కూడా ఆమెకు కనిపిస్తూనే ఉన్నాయి. ఆ జుట్టులో ఒక్క పాయ దొరికితే ఎంతైనా ఇచ్చుకుంటానంటుంది. ఇన్నేళ్లూ ఎందుకు రాయలేదో కూడా చెబుతుంది. రాసినా ఆ ఉత్తరాన్ని మధ్యలో ఆపివేసి ఉండేవారని ఆమె నమ్మకం. ఎవరు ఆపేవారో చెప్పదు. పెంచినవారి మీద ఒక్క పరుషమైన మాట లేకుండా ఇంత పెద్ద అభియోగం ఆ వాక్యంలో ఇమిడి ఉంది.

అన్నిటికంటే లోతైనది కల ప్రస్తావన. ఆమెకు తల్లి కలలో కనిపిస్తుంది. దొరికిందన్న ఆనందంతో మెలకువ వస్తుంది. లేదా తను మాట్లాడే ఇంగ్లీషు తల్లికి అర్థం కావడం లేదని కలలోనే బాధ కలుగుతుంది. పరదేశవాసంపై 19వ శతాబ్దంలో వచ్చిన రచనలలో ఇంత సూటిగా దెబ్బ తగిలే మాట అరుదు. దేశం పోయింది, పేరు పోయింది, మతం మార్చారు. ఇవన్నీ ఇతరులు చేసినవి. భాష ఎవరూ గుంజుకోలేదు, అది దానంతట అదే జారిపోయింది. కలలో కూడా తిరిగి రాలేదు. నష్టం ఎంతో ఆమె ఇక్కడే కొలిచి చూపింది.

షరఫున్నిసా జవాబు ఫారసీలో వచ్చింది. ఆమె చెబుతుంటే మున్షీ రాశాడు. బంగారు పొడి చల్లిన కాగితం, జరీ సంచీ, ముద్ర, అంతా ఆనాటి హైదరాబాదు లేఖా మర్యాద ప్రకారమే. కాని ఆ ఫారసీని కిటీ చదవలేదు. ఎవరో ఆంగ్లంలోకి మార్చి వినిపించవలసిందే. ఇటు కిటీ లేఖ అమ్మమ్మకు చేరాలన్నా అంతే. అంటే నాయనమ్మలు, అమ్మమ్మలు మనవరాళ్లతో చెప్పుకునే రహస్యాల వంటి మాటలు కనీసం ఇద్దరు పరాయివారి చేతుల మీదుగా పోయాయి. ఈ పరిస్థితి సింగరేణి ప్రాంతపు పాఠకులకు కొత్తగా తోచదు. 1970, 80లలో పాత కరీంనగర్ జిల్లా నుంచి గల్ఫు దేశాలకు పోయినవారి ఉత్తరాలు ఎన్నో ఇళ్లలో ఇలాగే చదవబడ్డాయి. చదువు రాని తల్లికి పక్కింటి కుర్రవాడో, మసీదు ఇమాం సాహెబో, బడిపంతులో చదివి వినిపించేవారు. జవాబు కూడా వారే రాసేవారు. చదివేవాని ఎదుట ఏమి చెప్పాలి, ఏమి మింగుకోవాలి అనేది ఆ తల్లులకు తెలుసు. తర్వాత క్యాసెట్లు వచ్చి ఈ మూడో మనిషిని కొంత తప్పించాయి. సెంటినరీ కాలనీ క్వార్టర్లలో ఇప్పుడు ముసలివాళ్లు సెల్‌ఫోనులో మనవళ్ల ముఖాలే చూస్తున్నారు. అయినా విదేశంలో పుట్టిన మనవడికి తెలుగో ఉర్దూనో రాకపోతే, ముఖం కనిపిస్తున్నా మాట తెగిపోయే ఇళ్లు అక్కడా ఉన్నాయి.

ఈ ఉత్తర ప్రత్యుత్తరాలు ఆరేళ్లు సాగాయి. 1847లో షరఫున్నిసా మరణంతో ఆగిపోయాయి. అమ్మమ్మ, మనవరాలు మళ్లీ కలుసుకోలేదు. ఇంగ్లండు వెళ్లేముందు మద్రాసులో చిత్రకారుడు జార్జ్ చినరీ ఆ అన్నాచెల్లెళ్లకు హైదరాబాదు దుస్తులలో వేసిన నిలువెత్తు చిత్రం ఒకటి ఉంది. తండ్రికి సహాయకుడిగా పనిచేసిన హెన్రీ రస్సెల్ ఇంట చాలా కాలం తర్వాత కిటీ దానిని చూసింది. రస్సెల్ తన వీలునామాలో దానిని ఆమెకే రాసిచ్చాడు. ఆమె డెవన్ తీరంలోని టార్కీ పట్టణంలో స్థిరపడి 1889లో మరణించింది. ఇతరులు వేసవి గడపడానికి వచ్చే ఊరు ఆమెకు నివాసమైంది. అదే 1889లో నిజాం రాజ్యపు సింగరేణిలో, లండనులో ఏర్పడిన కంపెనీ బొగ్గు తవ్వకం మొదలుపెట్టింది. ఆ శతాబ్ది గుర్తే సెంటినరీ కాలనీ పేరు. ఒక కాలం ముగిసి మరొక కాలం మొదలైన తీరు ఈ రెండు తేదీలలో కనిపిస్తుంది గాని, దాని మీద ఎక్కువ భారం మోపనవసరం లేదు.

ఈ లేఖలను లోకానికి ఎలా అందించారన్నది విమర్శకుడు పట్టించుకోవలసిన విషయం. 1893లో బ్లాక్‌వుడ్స్ పత్రికలో సర్ ఎడ్వర్డ్ స్ట్రేచీ ఈ కథను మొదట వెల్లడించాడు. బాల్యంలో కిటీని ఎరిగినవాడు గనుక ఆత్మీయంగా రాశాడు. అయితే శీర్షికలోనే కిర్క్‌పాట్రిక్ శృంగార వివాహం అన్న భావం పెట్టాడు. 2002లో విలియం డాల్రింపుల్ ‘వైట్ ముఘల్స్’ వచ్చింది. ఫారసీ, ఉర్దూ ఆధారాలను వెతికి తీసిన శ్రమ అందులో ఉంది. హైదరాబాదు స్త్రీల లోకాన్ని అంత గౌరవంతో చూసిన ఆంగ్ల చరిత్ర గ్రంథాలు ఎక్కువ లేవు. అయినా అక్కడ కూడా కథానాయకుడు రెసిడెంటే. ప్రేమ, వివాహం, గూఢచర్యం, మరణం అన్నీ అయ్యాక, పాఠకుని కళ్లు చెమ్మగిల్లే ఘట్టంగా చివరలో ఈ లేఖలు వస్తాయి. అది ఎంత చక్కగా చేసినా, నాలుగేళ్ల పెళ్లి కథకు నలభై ఏళ్ల విరహం తోక అయింది. రెండు సంస్కృతుల కలయికకు ఈ కుటుంబం నిదర్శనమన్న మాట ఆ పుస్తకం తర్వాత తరచు వినిపిస్తున్నది. కలయిక ఎంత కాలం నిలిచింది, దాని ధర ఎవరు చెల్లించారు అన్నది షరఫున్నిసాను అడగాలి. కూతురు ఇరవై ఏడేళ్లకే పోయింది. మనవడు, మనవరాలు మరొక పేరుతో, మరొక మతంలో పెరిగారు. రక్త సంబంధాలను తెంచరాదన్న సిలయె రహ్మీ ధర్మం ఎరిగిన ఆ వృద్ధురాలు, ముప్పై ఆరేళ్ల తర్వాత తనకు అందిన ఆ మొదటి కాగితాన్ని పట్టుకుని, మతం ప్రశ్న ముందు పెట్టలేదు. బిడ్డను బిడ్డగానే పలకరించింది. ఆ లేఖలలో కలయిక అనదగినది ఏదైనా ఉంటే, అది ఆమె మర్యాదలో ఉంది.

ఈ లేఖలు తెలుగులోకి రావలసిన అవసరం ఉంది. అనువాదకునికి ఎదురయ్యే చిక్కులు కొన్ని ఆసక్తికరమైనవి. ఆంగ్లంలో ‘గ్రాండ్‌మదర్’ అన్న మాట తండ్రి వైపో తల్లి వైపో చెప్పదు. ఉర్దూలో నానీ, తెలుగులో అమ్మమ్మ అనగానే ఖైరున్నిసా ఆ మాటలోకి వచ్చి నిలబడుతుంది. ఆంగ్ల మూలం కప్పిన సంగతిని అనువాదం విప్పే అరుదైన సందర్భం ఇది. ఫారసీ లేఖా సంప్రదాయంలో పిల్లలను కంటివెలుగు అని సంబోధించడం మామూలు మాట. అరిగిపోయిన మాట అని కూడా అనవచ్చు. నూరున్నిసా అని పేరు పెట్టుకున్న పిల్ల విషయంలో ఆ అరిగిన మాటకు మళ్లీ ప్రాణం వస్తుంది. కిటీ తన లేఖలో దేవునికి కృతజ్ఞత చెబుతుంది. అక్కడ ‘అల్లాహ్’ అని రాయాలన్న కోరిక ముస్లిం అనువాదకునికి కలగడం సహజం. రాయరాదు. ఆమె పెరిగినది చర్చిలో. ఆమె దేవుడన్నచోట దేవుడనే ఉండాలి, అమ్మమ్మ జవాబులో అల్లాహ్ అనే ఉండాలి. ఆ తేడాను చదును చేస్తే వారి మధ్య ఉన్న దూరం పాఠకునికి తెలియదు.

కల వాక్యంలో ‘ఇంగ్లీషు’ అన్న మాటను అలాగే ఉంచాలి. దానిని ‘నా భాష’ అని మార్చడానికి వీలులేదు. ఆ భాష తనదని కిటీ ఆ లేఖలో ఎక్కడా అనలేదు.